పచ్చగా లేనిదంతా ఖాళీయేనా?

హైదరాబాదులో ఎవరైనా మీదేవూరని అడిగితే బనగానపల్లె అంటాను. ఎదుటి మనిషి మొహం వెంటనే వెలుగుతుంది. "ఓ, బేనిషాన్ మామిడిపళ్ల ఊరు! చుట్టూ తోటలే కదా, ఎంత పచ్చగా ఉంటుందో!"

మా ఊరు చూడనివాళ్లు అనే మాట అది. చూసినవాళ్లది ఇంకో మాట. యాగంటికి పోతూ దారిలో ఆగినవాళ్లు, 'అరుంధతి' సినిమా తీసిన నవాబు బంగ్లా ముందు ఫొటో దిగడానికి వచ్చినవాళ్లు, కారు దిగి చుట్టూ ఒకసారి చూసి, "ఇక్కడేమీ లేదేంట్రా, అంతా రాళ్లే" అంటారు.

ఈ వ్యాసం ఆ "ఏమీ లేదు" మీద.

మ్యాపులో నంద్యాల వైపు చూడండి. మధ్యలో కుందూ నది పారే మైదానం. దానికి తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. అటు ఆళ్లగడ్డ మీదుగా పోతే అహోబిలం, నంద్యాల నుంచి పోతే మహానంది. ఇటు బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల. శని, ఆదివారాల్లో సిటీ కార్లన్నీ తూర్పుకే పోతాయి. పడమటి నుంచి సిటీకి లారీలు వస్తాయి, నాపరాళ్లతోనూ సిమెంటుతోనూ. ఒక కొండ మనకు ఊపిరి పీల్చుకోవడానికి, ఇంకో కొండ మన ఇంట్లో పరుచుకోవడానికి. ఈ పంపకం ఎవరు చేశారు? మన కళ్లే చేశాయి. పచ్చగా కనిపించింది ప్రకృతి అయింది, కనిపించనిది ముడిసరుకు అయింది.

ముందు ప్రకృతి వైపే పోదాం. సిటీవాళ్లం నల్లమలకు ఎప్పుడు పోతాం? వానలు పడ్డాక. శ్రీశైలం ఘాట్‌లో కారు ఆపుకుని, మబ్బులు దిగిన లోయ ముందు నిలబడి రీల్ తీసుకుంటాం. కోతులకు బిస్కెట్లు వేస్తాం. ప్యాకెట్టు కూడా అక్కడే వేస్తాం. ఇంటికొచ్చి "ఆక్సిజన్ ఎక్కించుకుని వచ్చాం" అని పోస్టు పెడతాం. ఏప్రిల్‌లో పోయినవాళ్లు మాత్రం నిరాశగా తిరిగొస్తారు. "అడవి మొత్తం ఎండిపోయిందండీ, గ్లోబల్ వార్మింగ్!" అంటారు. నల్లమలలో చాలాభాగం ఆకు రాల్చే అడవి. ఎండాకాలం ఆకు రాల్చి, ఒంట్లో నీరు కాపాడుకుని, మళ్లీ చిగుర్చడం దానికి వేల ఏళ్ల అలవాటు. ఆ బోడితనం దాని బతుకుతెరువు. మనకు మాత్రం అది జబ్బులాగా కనిపిస్తుంది. అంటే మనం ప్రేమించే నల్లమల కూడా ఏడాదిలో సగం రోజులు మనం ప్రేమించే నల్లమల కాదు.

ఇంటి దగ్గర ఇంకో అడవి ఉంది, కేబీఆర్ పార్కు. 1998 నుంచి అది జాతీయ ఉద్యానవనం, చట్టం దృష్టిలో పెద్దపులుల అడవికి ఉండేంత హోదా. వాకింగ్ చేసేవాళ్లకు అదొక ట్రాక్. ఇందులో తప్పేమీ లేదు, ఆరోగ్యం కోసం నడిచేవాళ్లను ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు. అయితే "నగరానికి ఊపిరితిత్తులు" అని అడవి గురించి మనం మురిపెంగా చెప్పుకునే మాట ఉందే, దాన్ని ఒక్కసారి విప్పి చూడండి. ఊపిరితిత్తులు ఎవరి ఒంట్లో ఉంటే వాళ్లవి, వాళ్ల కోసం పనిచేయడమే వాటి పని. అడవిని ఊపిరితిత్తులు అన్న క్షణాన దాన్ని మన ఒంట్లో ఒక అవయవం చేసేశాం. అక్కడ బతికే చెంచులు, పాములు, చీమలు ఎవరూ ఇక ఆ లెక్కలోకి రారు. మనకు గాలి అందుతోందా లేదా అన్నదే లెక్క.

ఈ లెక్క ఎక్కడ బయటపడుతుందో రెండు ఊర్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

2019లో అమ్రాబాద్ వైపు నల్లమలలో యురేనియం కోసం అన్వేషణ అన్నారు. నగరం కదిలింది. సినిమా తారలు ట్వీట్లు పెట్టారు. 'సేవ్ నల్లమల' అని ఫోన్లన్నీ మోగిపోయాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మంచిదే, సంతోషం. కానీ ఆ రోజుకే కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు, శుద్ధి చేస్తున్నారు. మా బోరునీళ్లు పాడయ్యాయని, అరటితోటలు పోతున్నాయని చుట్టుపక్కల రైతులు మొర పెట్టుకుంటూనే ఉన్నారు. అదే ఖనిజం, అదే భయం. నల్లమలకు వచ్చిన ట్వీట్లలో పదోవంతు కూడా తుమ్మలపల్లెకు రాలేదు. ఎందుకు రాలేదంటే నాకు తోచే కారణం ఒక్కటే. తుమ్మలపల్లె ఫొటోలో బాగుండదు. పులి లేదు, జలపాతం లేదు, మబ్బు లేదు. ఎర్రమట్టి, అరటితోట, లుంగీ కట్టుకున్న రైతు. వాల్‌పేపర్‌కు పనికిరాని నేల కోసం మనం గొంతెత్తం.

ఇది సిటీ కుర్రాళ్ల అజ్ఞానం మాత్రమే అయితే ఇంత కోపం అక్కర్లేదు. సర్కారు లెక్కలు కూడా ఇదే కంటితో చూస్తాయి.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి దేశంలో అడవి ఎంతుందో లెక్క చెబుతుంది. పత్రికలన్నీ "పెరిగిన పచ్చదనం" అని శీర్షిక పెట్టేది ఆ లెక్కకే. దాని సూత్రం సులువు. ఒక హెక్టారుకు తగ్గని నేల మీద, ఉపగ్రహం పైనుంచి చూసినప్పుడు, చెట్ల తలలు కప్పిన భాగం 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణం. నేల ఎవరిదైనా సరే, చెట్లు ఏవైనా సరే. పండ్ల తోటలు కూడా అందులోకే వస్తాయి.

అంటే మందు కొట్టి, నీళ్లు పెట్టి, కాపలా కాసి పెంచే బేనిషాన్ తోట ఆ లెక్కలో అడవి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మా మామిడి మీద నాకేమీ కోపం లేదు, ఎండాకాలమంతా నేనూ దాని మీదే బతుకుతాను. అయితే అది తోట. దాన్ని అడవి అన్న లెక్క, అదే నంద్యాల జిల్లాలో నందికొట్కూరు దగ్గరున్న రోళ్లపాడును ఏమంటుందో చూడండి. అక్కడుండేది గడ్డి. మధ్యమధ్యలో పొదలు. చెట్ల తలలు 10 శాతం ఎప్పటికీ దాటవు, దాటితే అది రోళ్లపాడు కాదు. కాబట్టి ఆ సూత్రం ప్రకారం అక్కడ అడవి లేదు.

ఉన్నదేమిటో చెప్తాను. బట్టమేక పిట్ట. మనిషి నడుము దాటే ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా తూగే బరువు, ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. సలీం అలీ దీన్నే జాతీయ పక్షి చేయమన్నారు. 1963లో ఆ హోదా నెమలికి దక్కింది. బట్టమేకకు చెట్టుతో పనిలేదు. గడ్డిలో నేల మీదే గుడ్డు పెడుతుంది, ఎక్కువసార్లు ఒక్కటే గుడ్డు. నలువైపులా బయలు కనిపిస్తేనే దానికి ధైర్యం. 1988లో ఈ పిట్ట కోసమే రోళ్లపాడులో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. ఆ పేరు గమనించండి. గడ్డినేలను కాపాడాలన్నా 'అరణ్యం' అని పేరు పెట్టక తప్పలేదు. మన పాలనా భాషలో బయలుకు గౌరవమైన మాటే లేదు.

తర్వాత చుట్టుపక్కలకు కాలువ నీళ్లు వచ్చాయి, పంటలు మారాయి, బయలు తగ్గింది. 1980ల్లో గుంపులుగా తిరిగిన పిట్ట ఇవాళ రోళ్లపాడులో ఒక్కటి కనిపించినా పత్రికలో వార్త. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి నూటయాభైకి అటూఇటూ అంటారు, వాటిలో దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. పులి కోసం ఏడ్చే నగరానికి, పక్క రాష్ట్రంలోనే ఇంత పెద్ద పిట్ట కళ్లముందు మాయమవుతోందని కూడా తెలియదు. తెలిస్తే ఏడ్చేదేమో. కానీ అది ఉండే చోటు దాటుతున్నప్పుడు మనం కారు అద్దం దించం. అక్కడ "ఏమీ లేదు" కదా.

కడపలో కలివికోడి కథ ఇంకా చెప్పుకోదగ్గది. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో మళ్లీ దొరికింది. ఎక్కడ? మహారణ్యంలో కాదు, లంకమల కొండల దగ్గర కలివి పొదల్లో. అక్కడివాళ్లకు దానికో పేరు ఉంది, ఆ పేరులో అది తిరిగే పొద పేరు కూడా ఉంది. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్ట ఊరివాళ్ల నోట్లో బతికే ఉంది. పొదను "పిచ్చిమొక్కలు" అనేవాళ్లకు ఈ కథ అర్థం కావడం కష్టం.

సర్కారు దగ్గర ఇంకో పుస్తకం కూడా ఉంది, వేస్ట్‌లాండ్స్ అట్లాస్. మొదటిసారి 2000లో వచ్చింది. మన హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థే ఉపగ్రహ చిత్రాలతో దాన్ని తయారుచేస్తుంది. పొదలున్న నేల, రాతినేల, గుట్ట, అన్నీ అందులో బంజరు కింద జమ. పన్ను కట్టని నేలను 'వేస్ట్' అని రాసుకున్న తెల్లదొరల రెవెన్యూ బుద్ధి ఉపగ్రహం ఎక్కి కూర్చుంది, అంతే తేడా.

బంజరు అని రాసిన నేల ఏమవుతుంది? ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల ఊర్ల దగ్గరికి పోయి చూడండి. దాదాపు 6,000 ఎకరాల సోలార్ పార్కు, 1,000 మెగావాట్లు, 2017లో పూర్తయింది. బట్టమేకకు మనం ఇచ్చిన అభయారణ్యానికి ఇది నాలుగింతలు. పక్కన పాణ్యం మండలం పిన్నాపురంలో ఇంకా పెద్ద ప్రాజెక్టు వచ్చింది. వీటన్నిటినీ ఏమంటాం? గ్రీన్ ఎనర్జీ. మళ్లీ పచ్చ! నీలం అద్దాలు పరిచిన నేల కూడా పచ్చదే, గడ్డి మొలిచిన నేల మాత్రం కాదు.

ఇక్కడ నన్ను ఆపి, "అయితే బొగ్గు కాల్చమంటావా?" అని అడగొచ్చు. వద్దు. సౌరవిద్యుత్తు కావాలి, నాకూ కావాలి. నా తగువు సోలార్‌తో కాదు, దానికి స్థలం వెతికే పద్ధతితో. చెట్లున్న చోట ప్రాజెక్టు పెడితే చెట్లు లెక్కపెడతారు, అనుమతులు అడుగుతారు, కోర్టుకు పోయేవాళ్లుంటారు. గడ్డి ఉన్నచోట లెక్కపెట్టడానికే ఎవరూ రారు. ఆ నేల మీద ఎన్ని గొర్రెలు ఏ నెలలో మేస్తాయి, ఏ పిట్ట ఏ నెలలో గుడ్డు పెడుతుంది, వాననీళ్లు ఏ వంకలోకి దిగుతాయి అని అడిగిన తర్వాత కూడా అక్కడే కట్టాలంటే అప్పుడు వాదించుకుందాం. అడగకుండానే "ఖాళీ" అని తేల్చేయడం అన్యాయం. కర్నూలు, నంద్యాల వైపు గొర్రెల కాపర్లకు ఆ ఖాళీయే ఆస్తి. పట్టా లేని ఆస్తి, అందుకే నష్టపరిహారం లేని ఆస్తి.

మన భాషకు ఈ సంగతి ఒకప్పుడు తెలుసు. కంచ, బీడు, బయలు, మేత పోరంబోకు, చిట్టడవి, గుట్ట, మెట్ట. ఒక్కో మాట ఒక్కో రకం నేలకు, ఒక్కో రకం హక్కుకు. ఇప్పుడు 'పోరంబోకు' మనకు తిట్టు. ఊరందరిదీ అయిన నేల పేరు, ఎవరికీ పనికిరాని మనిషి పేరైంది. 'బీడు' కవిత్వంలో దుఃఖానికి గుర్తు. ఇక 'కంచ' గురించి వేరే చెప్పాలి.

2025 మార్చి చివర్లో, ఉగాది పూట, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. ఇటీవలి కాలంలో నగరం నేల కోసం చేసిన గొప్ప పోరాటం అది. అందులో ఉన్నవాళ్ల పట్ల నాకు గౌరవం తప్ప ఇంకేమీ లేదు. అయినా ఒక మాట అడగాలి. 'కంచ' అంటే పశువుల మేతకు విడిచిన నేల. ఆ చోటి పేరులోనే దాని చరిత్ర ఉంది. రాళ్లు, కుంటలు, గడ్డి, పొదలు, చెట్లు కలగలిసిన నేల అది. మన ఫోన్లలో మాత్రం అది దట్టమైన అడవైంది. జింకలు, నెమళ్లు పరుగెత్తుతున్న బొమ్మలు కొన్ని కృత్రిమ మేధతో చేసినవని ప్రభుత్వం కేసులు కూడా పెట్టింది. కేసులు పెట్టడం వేధింపే. కానీ నిజంగా అక్కడ జింకలూ నెమళ్లూ ఉండగా, ఉన్న నేల చాలక, ఊహలో ఇంకా పచ్చటిదాన్ని చేసుకోవాల్సిన అవసరం మనకెందుకు వచ్చింది?

జవాబు ఒకటుంది, న్యాయమైనదే. 1996 నాటి గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, నిఘంటువు అర్థంలో అడవి అయిన నేలంతా అడవే అంది. కాబట్టి అడవి అని నిరూపిస్తేనే రక్షణ. విద్యార్థులు ఆ ఆయుధం వాడారు, వాడాల్సిందే. ఒప్పుకుంటాను. కానీ ఆ ఆయుధానికి రెండో అంచు ఉంది. "అడవి కాబట్టి వదిలేయండి" అన్న ప్రతిసారీ "అడవి కాకపోతే తీసుకోండి" అని కూడా అన్నట్టే. గచ్చిబౌలిలో గెలిచిన వాదమే గని, శకునాల దగ్గర ఓడిపోతుంది. అక్కడ కంచ పోయింది, చుట్టూ కంచె మిగిలింది.

పచ్చదనం మీద మోజు నేలకు చేసే ఇంకో చెడుపు మొక్కలు నాటడం. మొక్క నాటడాన్ని తప్పుపడితే అమ్మను తిట్టినట్టు చూస్తారు, అయినా చెప్తాను. కాలనీలో, రోడ్డు పక్కన, బడిలో, చెట్లు కొట్టేసిన అడవిలో నాటండి. బయట కనిపించిన ప్రతి బోడినేలా మన కోసం ఎదురుచూస్తోందనుకోవద్దు. హరితహారం 2015లో, గ్రీన్ ఇండియా ఛాలెంజ్ 2018లో మొదలయ్యాయి. వీటికి చాలా ముందే సర్కారు ఒక పాఠం చదివి మరిచిపోయింది. ఎడారిని ఆపుతుందని, వంటచెరకు ఇస్తుందని ఎక్కడిదో ఒక ముళ్ల చెట్టును తెచ్చి కరువు నేలల్లో చల్లారు. అది చెరువులను, బీళ్లను, వంకలను ఆక్రమించుకుంది. గడ్డిని బతకనివ్వలేదు. జనం దానికి 'సర్కారు తుమ్మ' అని పేరు పెట్టారు. ఎవరు నాటారో మరిచిపోకుండా ఉండాలని కాబోలు. ఉపగ్రహం పైనుంచి చూస్తే అది కూడా పచ్చగానే ఉంటుంది.

గడ్డినేలలో బతుకంతా తేనె అని నేననడం లేదు. రోళ్లపాడు చుట్టుపక్కల కృష్ణజింకలు పంట మేస్తుంటే రైతులు తిట్టుకుంటారు, తిట్టుకునే హక్కు వాళ్లకుంది. పిట్టను కాపాడే భారం ఐదెకరాల మెట్ట రైతు ఒక్కడి మీద వేసి, నగరం కూర్చుని చప్పట్లు కొడితే ఎవరికైనా మండుతుంది. అందుకే ఇది జాలి చూపించి ముగించే విషయం కాదు. జింక తిన్న పంటకు తిట్టించుకోకుండా డబ్బు చేతికి రావాలి. గడ్డినేలలను బంజరు పట్టికలోంచి తీసి వాటి పేరుతో వాటిని రాయాలి. ప్రాజెక్టు పెట్టేముందు మేపేవాళ్లను అడగాలి. ఇవన్నీ చట్టాలు, జీవోలతో అయ్యే పనులు. వాటిని అడగాల్సిన గొంతు మాత్రం నగరంలో ఉంది, ట్వీట్లున్న చోట, కోర్టున్న చోట, పత్రికలున్న చోట. మన కళ్లు మారకుండా ఆ గొంతు లేవదు.

బనగానపల్లెలో రవ్వలకొండ ఉంది. పోతులూరి వీరబ్రహ్మం అచ్చమ్మగారి ఆవులు మేపింది ఆ కొండ దగ్గరే అని మా ఊరి కథ. ఆవుల చుట్టూ కర్రతో గీత గీస్తే అవి దాటిపోకుండా అందులోనే మేసేవట, ఆయన గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవాడట. కథను కథగానే తీసుకోండి. అందులో అందరూ గీత గురించి మాట్లాడతారు, తాటాకుల గురించి మాట్లాడతారు. నాకు ఆవుల మేత గురించి అడగాలనిపిస్తుంది. గీత లోపల గడ్డి ఉండబట్టే కదా అవి దాటలేదు. ఆ రాళ్ల మధ్య ఒక మందకు సరిపడా మేత ఉండేదన్నమాట.

ఈసారి యాగంటికి వచ్చినప్పుడు, బంగ్లా ముందు ఫొటో అయిపోయాక, ఒక ఐదు నిమిషాలు అటు తిరిగి నిలబడండి. రేగుపొదలు, తంగేడు, రాతి సందుల్లో బోదగడ్డి కనిపిస్తాయి. దూరంగా గొర్రెల మంద కనిపిస్తే, ఆ కాపరిని ఇక్కడేముందని అడగండి. ఆయన చెప్పడం మొదలుపెడితే మీకు చీకటి పడిపోతుంది.